బంగారం తవ్విన ఊళ్ళో బడి



మన ఇళ్ళల్లో బంగారం మాట రాని రోజంటూ వుంటుందా, చెప్పండి? ఆడపిల్ల పుట్టిన నాటి నుంచే "దీని పెళ్ళికి ఎన్ని కాసులు కూడబెట్టాలో" అన్న లెక్క మొదలవుతుంది. ఇవాళ కాసు ధర ఎంత పలుకుతోందో తడుముకోకుండా చెప్పలేని ఇల్లాలు మా యానాంలో లేదంటే నమ్మండి. కానీ ఆ బంగారాన్ని తవ్వేవాళ్ళెవరు, వాళ్ళు ఎక్కడ వుంటారు, వాళ్ళ పిల్లలు ఏ బడికి వెళతారు అన్న సంగతి మాత్రం నలభై ఏళ్ళు దాటేదాకా నాకూ తట్టలేదు.

మా ఆడపడుచు కుప్పంలో వుంటుంది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు రెండూ తగిలే కొస అది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు "వదినా, ఇంత దూరం వచ్చావు, బంగారు గనులు చూద్దువుగాని రా" అని నన్ను కోలారు గోల్డ్ ఫీల్డ్సుకి తీసుకువెళ్ళింది. కుప్పం నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. బంగారు గని అంటే ఎక్కడో వొక చోట ధగధగ మెరుస్తూ కనబడుతుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే వుంది. అక్కడ కనబడేవి తెల్లటి దిబ్బలు. కొండలంత దిబ్బలు. పిండి ఆరబోసినట్టు వుంటాయి. రాయిని పొడిచేసి, సైనైడు నీళ్ళలో నానబెట్టి, బంగారం లాగేసుకోగా మిగిలిన పిప్పి అదంతా. మూడు కోట్ల టన్నులకు పైగా వుందట. గాలి వేసిందంటే ఆ పొడి లేచి ఇళ్ళ మీదా, ఆరేసిన బట్టల మీదా, గిన్నెల మీదా పడుతుంది.

ఆ దిబ్బలకి కాస్త దూరంలో, కూలీల లైన్లు దాటాక, వొక పొడుగాటి రేకుల కొట్టం చూశాను. గోడలు రాతివి, గట్టివి. కిటికీలకి చువ్వలు లేవు, తలుపులు లేవు, రేకుల్లో సగం లేవు. లోపలికి తొంగి చూస్తే గోడకి సిమెంటు పూసి నల్లరంగు వేసిన బోర్డు. దాని పక్క గోడ మీద తమిళ అక్షరాలు కొన్ని, కన్నడం కొన్ని, వొక మూల మన "అ ఆ"లు కూడా, సున్నం పెచ్చులూడి సగం సగం మిగిలాయి. నేల మీద మేక వొకటి పడుకుని వుంది. "ఇది కంపెనీ బడి" అంది మా ఆడపడుచు. గని మూసేశాక పిల్లలు తగ్గి తగ్గి, చివరికి బడీ మూసేశారట.

మూతబడిన మిల్లులు చూశాను, మూతబడిన సినిమా హాళ్ళు చూశాను. మూతబడిన బడి చూడటం మటుకు అదే మొదలు. ఆ వేళ నుంచి ఆ ఊరి సంగతులు అడిగీ, చదివీ తెలుసుకున్నవి మీతో చెప్పుకుందామని ఈ ప్రసంగం. సినిమా చూసినవాళ్ళు ముందే వొక సంగతి గుర్తుంచుకోండి. 2018లో వచ్చిన ఆ సినిమాలో చూపించిన దాస్యమూ, తుపాకులూ, ఆ రాక్షసుడి కోటా అంతా కథే. అసలు చరిత్రలో అంత హంగామా లేదు. కానీ ఏడిపించే సంగతులకు కొదవ లేదు.

టిప్పు సుల్తాను 1799లో పడిపోయాక మైసూరు రాజ్యం హద్దులు కొలిచే పని పడింది. ఆ పని మీద 1802లో జాన్ వారెన్ అనే సైనికోద్యోగి కోలారు వైపు వచ్చాడు. అక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందని జనం చెప్పుకోగా విని, చూపించినవాళ్ళకి బహుమానం ఇస్తానన్నాడు. ఉరిగాం ఊరివాళ్ళు బండ్లలో మట్టి తోలుకొచ్చి, ఆయన కళ్ళెదుటే కడిగి బంగారు రేణువులు చూపించారు. అప్పటికే ఎన్నో తరాలుగా అక్కడ తవ్వుతున్నారన్నమాట. మారికుప్పం దగ్గర మగవాళ్ళు గోతుల్లోకి దిగి రాళ్ళు తీసి, బుట్టలు చేతులు మార్చుకుంటూ పైకి అందిస్తే, పైన ఆడవాళ్ళు వాటిని పెద్ద బండ మీద వేసి దంచేవారట. చూశారా, దంచడం, కడగడం, ఏరడం! బియ్యమైనా బంగారమైనా ఆ పని మన వంతుకే వచ్చింది.

తరువాత డెబ్భై ఏళ్ళ దాకా పెద్దగా ఏమీ జరగలేదు. 1871లో లావెల్ అనే ఐరిష్ సైనికుడు, న్యూజిలాండు యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు, బెంగుళూరులో మకాం పెట్టాడు. ఏమీ తోచక పాత కాగితాలు తిరగేస్తుంటే వారెన్ రాసింది కంటబడింది. బండి కట్టించుకుని కోలారు బయలుదేరాడు. 1873లో మైసూరు సర్కారుకి అర్జీ పెట్టి, 1875లో లైసెన్సు సంపాదించాడు. లైసెన్సు అయితే వచ్చింది గాని తవ్వకానికి డబ్బేదీ? హక్కులు వేరేవాళ్ళ చేతికి పోయాయి. బెంగుళూరులో లావెల్ రోడ్డు అని ఇప్పటికీ వుంది, ఆ పెద్దమనిషి పేరే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లండు కంపెనీ వచ్చింది. వాళ్ళకీ మొదట్లో డబ్బు నీళ్ళలా ఖర్చయింది తప్ప బంగారం చిక్కలేదు. ఇక మూటా ముల్లే సర్దుకుందాం అనుకుంటున్న సమయంలో ప్లమ్మర్ అనే గని కెప్టెనుకి అసలు పొర దొరికింది. దానికే చాంపియన్ పొర అని పేరు పెట్టారు. అక్కడి నుంచి వెనక్కి చూడలేదు.

ఊరు ఎలా పెరిగిందంటారు! 1894 నాటికి రైలు వచ్చేసింది. బౌరింగ్ అనే దొర పేరుతో వెలిసిన బౌరింగ్‌పేట, గనులకి జంక్షను కావడంతో జనం నోట్లో బంగారుపేట అయి కూర్చుంది. ఆ పేరే బాగుంది, దొరపేరు ఎవరికి కావాలి? 1902 జూన్‌లో శివసముద్రం జలపాతం దగ్గర కరెంటు పుట్టించి, 92 మైళ్ళు తీగలు లాగి గనులకి ఇచ్చారు. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే మూడేళ్ళు ముందు గనికి వెలుగొచ్చింది. పాలారు మీద బేతమంగళం చెరువు నుంచి నీళ్ళు తెచ్చారు. దొరల బంగళాలు, పూలతోటలు, క్లబ్బు, గోల్ఫు ఆట, చర్చీలు. చలిగా వుండే ఊరు కావడంతో చిన్న ఇంగ్లండు అనేవారట.

కూలీల లైన్లు మాత్రం చిన్న ఇంగ్లండులో లేవు. తడికెల గుడిసెలు, వొక్కొక్క గదిలో ఐదారుగురు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ప్లేగు వచ్చాక గాని కొత్త పేట కట్టాలని తోచలేదు. రాబర్ట్‌సన్‌పేట అలా వచ్చింది. గనుల్లోకి దిగినవాళ్ళు ఎవరనుకున్నారు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల నుంచి, కరువుకు తాళలేక వచ్చిన తమిళులు, తెలుగువాళ్ళు. అందులోనూ ఎక్కువ భాగం ఊళ్ళో అంటరానివాళ్ళని దూరం పెట్టబడినవాళ్ళు. పల్లెలో కామందు పొలం గట్టు ఎక్కనివ్వని మనిషికి ఇక్కడ నెలకింత అని జీతం. ప్రాణానికి పూచీ లేదు గాని చేతికి డబ్బు వస్తుంది. వొక తరంలో ముప్ఫై వేలకు పైగా మనుషులు ఆ గనుల్లో పనిచేశారు.

ఇక బడి సంగతికి వస్తాను. ముందుగా బడి పెట్టింది దొరల పిల్లలకే. 1901లో నందిదుర్గం గని దగ్గర కంపెనీవారు తెల్లవాళ్ళ పిల్లలకి బడి తెరిచారు. 1904 జనవరిలో సెయింట్ జోసెఫ్ ఆఫ్ టార్బ్ సంఘం సన్యాసినులు యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఆడపిల్లల కోసం 22 మందితో కాన్వెంటు మొదలుపెట్టారు. (ఆ టార్బ్ అనేది ఫ్రాన్సులో వుంది. మా యానాం కూడా అప్పుడు ఫ్రెంచివారిదే కనుక ఈ మాట చదివినప్పుడు నాకు చుట్టరికం కలిసినట్టు అనిపించింది.) లైన్లలో పిల్లల చదువు సంగతి మిషనరీలు కొంత చూశారు. కానీ అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించింది, కూలీలు తమంతట తాము చేసుకున్నది. మద్రాసులో అయోతిదాసు పండితులని వొక పెద్దాయన, అంటరానితనాన్ని కాదని బౌద్ధం పట్టి, 1907లో "తమిళన్" అనే పత్రిక పెట్టాడు. అదే సమయంలో మారికుప్పంలో గని కార్మికులు బౌద్ధ సంఘం పెట్టుకున్నారు. ఆయన 1914లో పోయాక, కొన్నేళ్ళు ఆగిపోయిన ఆ పత్రికని 1926 నుంచి అప్పాదురై అనే ఆయన గోల్డ్ ఫీల్డ్సు నుంచే నడిపారు. పగలంతా పాతాళంలో రాయి కొట్టి వచ్చిన మనుషులు సాయంత్రం దీపం ముందు కూర్చుని పత్రిక చదివించుకునేవారంటే, వాళ్ళకి చదువు మీద ఎంత ఆకలి వుండాలి!

1930లో మరో ముచ్చట. గనిలోకి దిగే ప్రతివాడి వేలిముద్రలు తీసుకుని రిజిస్టరులో పెడతామంది కంపెనీ. బంగారం దొంగతనాలు ఆపడానికట. "మేం దొంగలమా" అని వేలాదిమంది పని మానేసి కూర్చున్నారు. వేలిముద్ర అనగానే మనకి గుర్తుకొచ్చేది చదువురానితనమూ, దొంగతనమూ, ఈ రెండేగా. తన కొడుకు వేలిముద్ర వెయ్యకూడదు, సంతకం పెట్టాలి అని ఆ లైన్లలో ఎంతమంది తండ్రులు అనుకున్నారో.

తరువాత తరువాత కంపెనీ బడులు లైన్లకీ వచ్చాయి. నేను చూసిన ఆ కొట్టం అలాంటిదే.

మేము ఆ బడి ముందు నిలబడి వుండగా వొక పెద్దావిడ నీళ్ళ బిందెతో అటు వచ్చింది. అరవై దాటి వుంటాయి. మా మాట విని "తెలుగోళ్ళా అమ్మా?" అని పలకరించింది. వాళ్ళ తాతగారు పలమనేరు వైపు నుంచి వచ్చారట. తన పేరు రేడియోలో చెప్పొద్దంది. సరే, చెప్పను.

"నేను ఇక్కడే నాలుగో క్లాసు దాకా చదివినాను తల్లీ. మా నాయిన చాంపియన్ రీఫులో పని. లోపల బండ పగిలిందంటే పైన నేల అదిరేది. పలకలు జారి కిందపడేవి. మా టీచరమ్మ పాఠం ఆపేది కాదు. చదవండి, చదవండి అనేది. మేము నోటితో చదువుతాంటిమి, చెవి మాత్రం బయటే. మా నాయిన ఈ పొద్దు పగటి షిఫ్టా, రాత్రి షిఫ్టా అని లెక్క వేసుకుంటాంటిమి" అంది.

ఆ అదురుడు గురించి రెండు మాటలు చెప్పాలి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు, అడుగుల్లో పదివేలు దాటి. వొకప్పుడు ప్రపంచంలో అత్యంత లోతైన గనుల్లో అదొకటి. అంత లోతున రాయి వేడి 65 డిగ్రీల దాకా వుంటుంది. ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టు అనుకోండి. పైనుంచి చల్లగాలి యంత్రాలతో పంపిస్తే తప్ప మనిషి నిలవలేడు. భూమి బరువంతా మీద వుంటుంది కదా, వున్నట్టుండి బండలు ఫిరంగి పేలినట్టు పగులుతాయి. దాన్నే రాక్ బరస్టు అంటారు. పైన ఊళ్ళో అది చిన్న భూకంపంలా తెలిసేది. వంటింట్లో గిన్నెలు కదిలితే ఆ ఇల్లాలికి కూర మాడినా తెలిసేది కాదట, గుమ్మంలోకి పరుగెత్తేది. దానికి తోడు రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే దగ్గు. సిలికోసిస్ అంటారు, దానికి మందు లేదు. ఆ పెద్దావిడ తండ్రి బండ మీద పడి కాదు, ఆ దగ్గుతోనే పోయాడు.

అంత లోతు వుండటం వల్ల మన శాస్త్రజ్ఞులకి వొక మేలు జరిగింది. ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలని పట్టుకోవాలంటే పైనున్న అలజడి ఏదీ చేరని చోటు కావాలి. 1965లో బొంబాయి టాటా సంస్థవారు, ఇంగ్లండు, జపాను శాస్త్రజ్ఞులతో కలిసి ఈ గనిలోనే వాటిని గుర్తించారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. అంత గొప్ప పరిశోధన జరిగిన చోటికి పైన లైన్లలో పిల్లలు మాత్రం "మా నాయిన ఏ షిఫ్టు" అన్న లెక్కే చేసుకుంటున్నారు.

మరి అంత బంగారం ఏమైపోయింది అంటారా? నూట ఇరవై ఏళ్ళలో సుమారు 800 టన్నులు తీశారు. దొరల కాలంలో చాలా భాగం ఓడలెక్కి లండను పోయింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనులని తీసుకుంది, 1962లో కేంద్రానికి అప్పగించింది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అని కంపెనీ చేశారు. కానీ అప్పటికే పాడి ఆవు వట్టిపోయింది. మొదట్లో వొక టన్ను రాయికి 40 గ్రాములకు పైగా బంగారం వచ్చేది, చివర్లో 3 గ్రాములు రావడమే కష్టం. ఆ టన్ను రాయిని మూడు కిలోమీటర్ల లోతు నుంచి పైకి లాగాలి, దంచాలి, నానబెట్టాలి, కిందవాళ్ళకి చల్లగాలి పంపాలి. వచ్చే కాసు కంటే పెట్టే ఖర్చు ఎక్కువ. 1992లో ఖాయిలా పడ్డ కంపెనీ అన్నారు. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఆఖరు రోజుకి ఇంకా మూడు వేల పైచిలుకు మంది పనిలో వున్నారు. మన చిత్తూరు జిల్లా చిగురుగుంట గనికీ, అనంతపురం జిల్లా రామగిరి గనికీ కూడా అప్పుడే తెరపడింది.

గని మూసేస్తే గని మాత్రమే పోదు. ఆసుపత్రి, నీళ్ళు, కరెంటు, క్వార్టర్లు, బడి అన్నీ కంపెనీవే. ఇల్లంతా వొక్క దూలం మీద కట్టినట్టు. దూలం తీసేశారు. ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసిన సంగతి కాదు. మా యానాంలో 2012 జనవరి 27న ఏం జరిగిందో మీలో కొందరికి జ్ఞాపకం వుండే వుంటుంది. టైల్స్ చేసే పెద్ద ఫ్యాక్టరీలో గొడవ ముదిరి, వొక్కరోజులో అటు కార్మిక నాయకుడొకరు, ఇటు కంపెనీ పెద్ద వొకరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మంటలు, పోలీసులు, కర్ఫ్యూ. ఫ్యాక్టరీ మూతబడింది. తప్పెవరిదో తేల్చడానికి నేనెవర్ని? కానీ ఆ మరుసటి జూన్‌లో బడులు తెరిచేసరికి మా వీధిలో ఇద్దరు పిల్లల యూనిఫాం మారింది, వొక పిల్ల అసలు బడికే రాలేదు. అడిగితే "అమ్మమ్మ దగ్గరకి పంపించేశాం" అన్నారు. అందుకే కాబోలు ఆ రేకుల కొట్టం ముందు నా కాలు కదల్లేదు.

పెద్దావిడ బిందె దించి గుమ్మం మీద కూర్చుంది. ఆవిడకి వొక కొడుకు, వొక కూతురు. ఇద్దరూ ఈ బడిలోనే చేరారు. గనిలో వొక పద్ధతి వుండేదట. తండ్రి దిగిపోతే కొడుక్కి పని. అందుకని మగపిల్లాడి చదువు మీద ఎవరికీ పట్టింపు లేదు. "నాలుగక్షరాలు వస్తే చాలదా, రేపు గనిలోకి దిగేవాడేగా" అనేవాడట మొగుడు. కొడుకు ఏడో క్లాసుతో మానేశాడు. కూతురికి గనిలో పని రాదు కదా! గని లోపలికి ఆడవాళ్ళు దిగకూడదని 1952 చట్టం. (2019లో మినహాయింపు ఇచ్చారు, రాతపూర్వకంగా వొప్పుకున్నవాళ్ళు దిగవచ్చునట. మూసేసిన గనికి ఆ మినహాయింపు ఎందుకూ?) కాబట్టి "దీన్ని ఇంట్లో పెట్టి ఏం చేస్తాం, బడికి పోనీ" అని కూతుర్ని వొదిలేశారు. ఈ బడిలో మొదలుపెట్టి, పెద్ద బడికి వెళ్ళి, ఎస్సెస్సెల్సీ పాసయింది.

"గని మూసినప్పుడు మావాడికి పంతొమ్మిదేండ్లు. వాళ్ళ నాయిన పని వస్తాదని ఏడేండ్లు కాచుకోనుండె. రాలే. చదువూ లేదు. పాప మాత్రం బెంగుళూరులో అంగడి లెక్కలు రాసే పనికి పోతాది. ఆ రెండు వేలూ మూడు వేలూ తెచ్చి మమ్మల్నందర్నీ బతికించింది" అంది.

విన్నారా! మగపిల్లాడికి గని, ఆడపిల్లకి బడి అని పంచుకున్నారు. పంపకంలో ఎవరికీ అక్కర్లేని ముక్క ఆడపిల్లకి వేశారు. ఆ ముక్కే ఆఖరికి ఇంటికి దిక్కయింది. ఇది అన్ని ఇళ్ళ కథ అని నేను చెప్పను. ఆ వొక్క ఇంటి కథ.

నాకు మా అమ్మమ్మ జ్ఞాపకం వచ్చింది. 1929లో శారదా చట్టం చేసి, 1930 ఏప్రిల్ నుంచి పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చెయ్యకూడదన్నారు. యానాం ఫ్రెంచివారి గడ్డ, ఇక్కడ ఆ చట్టం చెల్లదు. చుట్టుపక్కల ఇంగ్లీషువారి ఊళ్ళ నుంచి పిల్లల్ని పడవల్లో, బండ్లలో తీసుకొచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. అందుకే యానానికి కల్యాణపురం అని పేరు. మా అమ్మమ్మకి 1931లో ఎనిమిదో ఏట అలాగే పెళ్ళయింది. మెడలో బంగారం పడింది, చేతిలోంచి పలక పోయింది. అక్షరం మాత్రం చచ్చిపోయేదాకా రాలేదు. బ్యాంకువాళ్ళు పింఛను కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటుంటే ముఖం పక్కకి తిప్పుకునేది. ఆ తాళిలో బంగారం కోలారుదని నేను ఎలా అంటాను? కోలారుది లండను పోతుండేది, లండనుది ఎక్కడెక్కడికి పోయి వచ్చేదో. కానీ వొక ఊళ్ళో చెవి బయట పెట్టి చదువుకున్న పిల్లలూ, ఇంకో ఊళ్ళో బడి మానిపించి తాళి కట్టించిన పిల్లలూ నాకు వొక్కచోటే కనబడ్డారు.

"ఈ బడి ఎప్పుడు పోయింది?" అని అడిగాను. వొక్కసారిగా పోలేదట. గని మూసిన తరువాత జనం వొక్కో కుటుంబమే బెంగుళూరు పోవడం మొదలుపెట్టారు. నలభై మంది ఇరవై అయ్యారు, ఇరవై ఏడుగురయ్యారు. టీచరమ్మలకి జీతాలిచ్చే కంపెనీ లేదు. వొక ఏడాది జూన్‌లో తాళం తియ్యలేదు. తరువాత వర్షాలకి రేకులు లేచాయి. తరువాత తలుపులు వంటచెరకు అయ్యాయి. "మేమే తీసుకున్నాం, అబద్ధమెందుకు" అంది నవ్వుతూ. ఇప్పుడు మనవరాలిని ప్రైవేటు ఇంగ్లీషు బడిలో వేశారు. వ్యాను, ఫీజు, పుస్తకాలు, బూట్లు. కూతురి జీతంలో మూడో వంతు దానికే పోతుందట. కంపెనీ బడిలో పైసా కట్టేపని లేదు కదా అన్నాను. "ఆ రోజుల్లో మా నాయిన దగ్గు కట్టినాడు కదమ్మా ఫీజు" అంది. నేను ఇంకేం మాట్లాడతాను?

తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగుళూరు వెళ్ళే రైళ్ళలో వేలమంది వెళతారు. ఆడవాళ్ళు చాలామంది. మూడు గంటలకి లేచి వంట చేసి, క్యారియర్లు కట్టి, రైల్లో నిలబడి కునుకు తీసి, పొద్దంతా పని చేసి, రాత్రికి ఇల్లు చేరతారు. వొకప్పుడు అదే స్టేషనులో బంగారం రైలెక్కి పోయేది, ఇప్పుడు మనుషులు పోతున్నారు. గని వుండగా షిఫ్టు మగవాళ్ళకి వుండేది, ఇప్పుడది ఆడవాళ్ళకి వచ్చింది.

2024 జూన్‌లో ఆ తెల్లటి దిబ్బల్లో మిగిలిన బంగారం మళ్ళీ తీయడానికి కర్ణాటక ప్రభుత్వం వొప్పుకుంది. పదమూడు దిబ్బలు, వెయ్యి ఎకరాల పైన. పాత పిప్పిలో కూడా ఇప్పటి ధరకి లాభం వుంటుందట. బంగారం ధర పెరిగిందని మనం ఇక్కడ నిట్టూరుస్తుంటే, అక్కడ ఆ ధర చూసే పాత దిబ్బలకి ప్రాణం వస్తోంది. దాని గురించి అడిగితే పెద్దావిడ పెద్దగా ఉత్సాహపడలేదు. "మిషనీలు వస్తాయి. మనుషులు ఎందుకు?" అంది. బడి మళ్ళీ తెరుస్తారేమో అని మా ఆడపడుచు అంటే, ముందు ఆ దుమ్ము లేవకుండా తడిపితే చాలంది.

రైలుకి ఇంకా గంట వుంది. వాళ్ళింటికి టీకి రమ్మంది. లైన్లలో వొక్క గది ఇల్లు, శుభ్రంగా అలికి వుంది. బడి గంట ఏమైందని అడిగాను. మా చిన్నప్పుడూ అంతే, గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని ఎవరో ఎప్పుడో పాత ఇనుముకి అమ్ముకున్నారట. దాన్ని కొట్టే ఇనప బోల్టు మాత్రం ఆవిడ దగ్గరే వుంది. గనిలోది, జానెడు పొడుగు, మరమేకు అరిగిపోయి నున్నగా వుంది. నాలుగో క్లాసులో వున్నప్పుడు వారానికి వొకరోజు గంట కొట్టే వంతు తనకి వచ్చేదట. మనవరాలు దాన్ని చూసి "ఇది దేనికవ్వా" అని అడిగిందట గాని, నమ్మలేదట.

ఆ బోల్టుతోనే అల్లం చితక్కొట్టి మాకు టీ పెట్టింది.